మూడో అంతస్తులో పియానోలు

పొట్లాలాయనకి కడుపుమంట కొత్తేమీ కాదు. అది ఆయన పెళ్ళి విందులోనే అంటుకుంది. పెళ్ళికొడుకు ఆయన, జనం మూగింది మాత్రం తోడల్లుడి చుట్టూ. "ఏదీ, ఒక్కసారి అంతస్తులు చెప్పండి, మా పిల్లలు వింటారు!" అని ఎవరో అడగడమే ఆలస్యం, ఆ మహానుభావుడు గొంతు సవరించుకుని, లేని లిఫ్టు తలుపు చేత్తో జర్రున లాగి, "కింది అంతస్తు! గడియారాలు, గాజుసామాను, గొడుగులు!" అని ఎత్తుకున్నాడు. చప్పట్లే చప్పట్లు. కొత్త పెళ్ళికూతురు కూడా మెడ సాచి బావగారినే చూసింది. పక్కన కూర్చున్న మొగుడు ఆ పూటకి కుర్చీతో సమానం.

ఆ మంట అప్పట్నుంచి ఆరింది లేదు. ఇద్దరూ అక్కచెల్లెళ్ళని చేసుకున్నారు, ఇద్దరూ పెద్ద కొట్టులో పనిచేశారు, ఇద్దరికీ ఆ పనులు వేయించింది ఒకే మామగారు. పోలిక అక్కడితో సరి. పెద్దల్లుడు లిఫ్టు నడిపాడు, చిన్నల్లుడు పొట్లాలు కట్టాడు. ఊరంతటికీ ఒకడు లిఫ్టాయన, ఇంకొకడు "లిఫ్టాయన తోడల్లుడు". పొట్లాలాయన అనే పేరు కూడా కొట్టు లోపలి వాళ్ళు పెట్టిందే, బయట దానికి చలామణీ లేదు.

పెద్ద కొట్టంటే మామూలు కొట్టు కాదు. గుమ్మం మీద ఇత్తడి అక్షరాలతో దానికి వేరే పేరు ఉండేది గానీ, ఆ పేరు ఎవరూ పలికిన పాపాన పోలేదు. కింద ఒకటి, పైన మూడు అంతస్తులు. నడిమధ్యన పైకప్పు దాకా ఖాళీ, ఆ పైన గాజు గుమ్మటం. మధ్యాహ్నం ఎండ గుమ్మటంలోంచి సూటిగా దిగి కింది అంతస్తు గాజుసామాను మీద పడేది. కొనేవాళ్ళకంటే చూసిపోయేవాళ్ళే ఎక్కువ. చూసిపోయేవాళ్ళలో లిఫ్టెక్కి దిగిపోయేవాళ్ళు ఇంకా ఎక్కువ. ఎందుకంటారా? లిఫ్టాయన కోసం. ఆ గొంతు అలాంటిది, నిజం ఒప్పుకోవాలి. పొట్లాలాయన ఒప్పుకోడు, అది వేరే సంగతి.

ఆ కొట్టులో ఒక పద్ధతి ఉండేది. ఏ కౌంటర్లో ఏం కొన్నా సరుకు అక్కడ చేతికి ఇచ్చేవాళ్ళు కాదు. వెదురు బుట్టలో పెట్టి తాడు లాగితే, బుట్ట గిలక మీదుగా మూడో అంతస్తుకి వెళ్ళేది. అక్కడ చెక్క అడ్డం వెనకాల పొడుగాటి బల్ల, దాని ముందు పొట్లాలాయన. మందపాటి గోధుమరంగు కాగితం, పైనుంచి వేలాడే పురికొస ఉండ, రెండు చేతులు, అంతే సరంజామా. జిగురు లేదు, కత్తెర లేదు. కాగితాన్ని మడతల్లోనే బిగించి, ఒకే పురికొస నాలుగు వైపులా తిప్పి, చివర వేలు దూరేంత కొక్కెంలా ముడి వేసి, పురికొసని చూపుడువేలికి చుట్టి చటుక్కున తెంపేవాడు. గాజు దీపం కట్టినా, గొడుగు కట్టినా, పిల్లల గుర్రబ్బొమ్మ కట్టినా పొట్లం చూస్తే లోపలేముందో తెలియకూడదు, మోస్తే బరువు తెలియకూడదు. పొట్లం మళ్ళీ బుట్టలో కిందకి దిగేది. కొన్నవాళ్ళు గుమ్మం దగ్గర దాన్ని అందుకుని, ఇంటికెళ్ళి, విప్పి, కాగితం పారేసేవాళ్ళు. కట్టినవాడి మొహం ఎవరూ చూసింది లేదు.

లిఫ్టాయన మాత్రం పైకి చేరిన ప్రతిసారీ తలుపు లాగి అరిచేవాడు. "మూడో అంతస్తు! పరుపులు, పరదాలు, పొట్లాలు!" పొట్లాల దగ్గర జనానికి పనేముంది? ఏమీ లేదు. అయినా అరిచేవాడు. అడ్డం వెనకనుంచి పొట్లాలాయన పళ్ళు నూరుకునేవాడు. వెక్కిరింపు కాకపోతే ఏంటిది? నేను రాజులా జనం మధ్య తిరుగుతున్నాను, నువ్వు కలుగులో ఎలకలా కూర్చున్నావు అని ఊరికి చాటడమేగా!

తర్వాత కాలం మారింది. కొత్త దుకాణాలు వచ్చాయి, జనం అటు మళ్ళారు. కొట్టు ఒక్కో అంతస్తే దీపాలార్పుకుంటూ, చివరికి గుమ్మానికి గొలుసు వేయించుకుంది. గుమ్మటం పగిలి పావురాలు చేరాయి. అడుగు గదుల్లో నీళ్ళు నిలిచి కొట్టు లెక్కలు, ప్లాన్ల కాగితాలన్నీ కుళ్ళిపోయాయి. పొట్లాలాయన ఏమాటకామాట, లోపల ఎక్కడో కాస్త సంతోషించాడు కూడా. లిఫ్టు లేకపోతే లిఫ్టాయన ఎక్కడ? ఇద్దరూ సమానం. ఇద్దరూ ఇంట్లో కూర్చుని పెళ్ళాల చేత చివాట్లు తినే ముసలాళ్ళే.

ఆ సమానత్వం పాతికేళ్ళు నడిచింది. ఇప్పుడు కొట్టు మళ్ళీ తెరుస్తున్నారు.

ఆ వార్త ఇంటావిడ మోసుకొచ్చింది. "ఏమండీ, విన్నారా? పెద్ద యజమాని మనవరాలట, కొట్టంతా బాగుచేయిస్తోందట. గుమ్మటానికి కొత్త గాజులు కూడా వేశారు. మా బావ దగ్గరికి తనే వచ్చింది, కారేసుకుని! అంతస్తులు చెప్పించుకుని లిఫ్టులో పెడతారట. ఇకమీదట లిఫ్టు ఆగినప్పుడల్లా మా బావ గొంతే వినిపిస్తుంది."

"నక్కను తొక్కొచ్చాడు," అన్నాడు పొట్లాలాయన.

"మీకెందుకండీ అంత కుళ్ళు? ఆయనకి గొంతుంది, పిలిచారు."

"నాకు చేతులున్నాయి. ఎవరైనా పిలిచారా?"

ఇంటావిడ నవ్వి లోపలికి పోయింది. ఆ నవ్వు పుండు మీద కారం. ఆయనకి కావలసింది పెద్దదేమీ కాదు. ఆ బల్ల ముందు మళ్ళీ నిలబడాలి. ఈసారి చెక్క అడ్డం లేకుండా, నలుగురూ చూస్తుండగా, ఒక్క పొట్లం. ఆ పిల్ల వచ్చి, "అంకుల్, మీరు లేకపోతే ఎలా?" అనాలి. తనంతట తాను వెళ్ళి అడగడమా? ఛీ ఛీ. అడుక్కునే అలవాటు మా వంశంలో లేదు.

పిల్ల రాలేదు. లిఫ్టాయన వచ్చాడు.

ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తెల్ల జుట్టు. వస్తూనే మరదల్ని నవ్వించి, ఇంట్లో ఉన్న ఒక్క మంచి కుర్చీలో కూర్చున్నాడు. "తమ్ముడూ, చిక్కొచ్చి పడిందిరా. సాయంత్రం రికార్డింగు. అన్నీ గుర్తున్నాయి. గడియారాలు, గాజుసామాను, గొడుగులు. అద్దాలు, అత్తర్లు, ఆడవాళ్ళ బట్టలు. బూట్లు, బెల్టులు, భార్య అనుమతిస్తే సూట్లు. మూడో అంతస్తు దగ్గరికొచ్చేసరికి... పరుపులు, పరదాలు... ఆ తర్వాతేంట్రా?"

పొట్లాలాయన చేతిలో టీ గ్లాసు అక్కడే ఆగిపోయింది. గొడుగులు గుర్తున్నాయి. బెల్టులు గుర్తున్నాయి. భార్య అనుమతి గురించి వేసిన పాత జోకు కూడా గుర్తుంది. తోడల్లుడి పని మాత్రం మతికి రాలేదు! రోజుకి వంద సార్లు అరిచిన మాట! వెక్కిరించడానికైనా గుర్తుంచుకోవాలి కదా మనిషన్నవాడు. ఆ మంట కడుపులోంచి గొంతులోకి ఎగదన్నింది.

"పియానోలు," అన్నాడు.

"ఏంటీ?"

"పియానోలన్నయ్యా. పరుపులు, పరదాలు, పియానోలు. మర్చిపోయావా?"

లిఫ్టాయన ఆయన మొహంలోకి కాసేపు చూశాడు. "పియానోలు," అని మెల్లగా అన్నాడు. "సరే. నువ్వు ఆ అంతస్తులోనే ఉన్నవాడివి. నీకంటే ఎవరికి తెలుస్తుంది?" టీ తాగేసి, మరదలికి ఇంకో జోకు చెప్పి వెళ్ళిపోయాడు.

పొట్లాలాయనకి చాలాకాలం తర్వాత ఒళ్ళు తేలికైంది. పరుపుల పక్కన పియానోలట! వినిపించగానే పాతవాళ్ళంతా పకపకా నవ్వుతారు. "ముసలాడికి మతి పోయింది" అంటారు. అప్పుడు తను నింపాదిగా లేచి, "కావండీ, పొట్లాలు" అని సరిదిద్దుతాడు. ఆ ఒక్క క్షణం చాలు, పెళ్ళినాటి బాకీ తీరిపోతుంది.

రెండు నెలలు తిరక్కుండానే, కొట్టు పాతవాళ్ళని ఇంటివాళ్ళతో సహా రమ్మని మనవరాలు కబురు పెట్టింది. కింది అంతస్తులో సిమెంటు వాసన ఇంకా పోలేదు. మిగిలినవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. అత్తర్ల కౌంటరావిడ చేతికర్రతో వచ్చింది. పొట్లాలాయన్ని చూసి కళ్ళు చికిలించి, "మీరు... పరుపులా?" అంది.

"పొట్లాలు," అన్నాడాయన.

"ఓహో! పైన ఎవరో కట్టేవాళ్ళు, అవునవును," అని ఆవిడ లిఫ్టాయన వైపు చేతులు చాస్తూ వెళ్ళిపోయింది.

మనవరాలు మీట నొక్కింది. గొంతు మోగింది. అదే గొంతు, అదే విరుపు, గాజు గుమ్మటం దాకా. కింది అంతస్తుకే అత్తర్లావిడ కొంగు తీసి కళ్ళొత్తుకుంది. రెండో అంతస్తు జోకుకి అందరూ నవ్వారు. పొట్లాలాయన కుర్చీ అంచుకి జరిగి, కాళ్ళు నేలకి తన్నిపెట్టి, లేవడానికి సిద్ధంగా ఉన్నాడు.

"మూడో అంతస్తు! పరుపులు, పరదాలు, పియానోలు!"

ఎవరూ నవ్వలేదు.

"అబ్బ! పియానోలు!" అంది అత్తర్లావిడ. "నేను మర్చేపోయాను సుమండీ. మధ్యాహ్నాలు ఎవరో వాయించేవాళ్ళు, కిందకి వినిపించేది."

"నల్లవి," అన్నాడు బూట్ల కౌంటరాయన. "ఒకటి తెల్లది కూడా ఉండేది. దాన్ని ఎవరూ కొనలేదు."

పొట్లాలాయన నోరు తెరిచాడు. పియానోల్లేవు, నేను కల్పించాను అనాలి. అలా అంటే ఎందుకు కల్పించావంటారు. పక్కనే ఇంటావిడ కూర్చుని ఉంది. చెయ్యి నొక్కి మరీ అంది, "నాకూ గుర్తేనండీ. మూలకి ఉండేది, మూత మీద పూలకుండీ."

"నువ్వెప్పుడు చూశావే మూడో అంతస్తు?"

"చూడకపోవడమేంటి? మన పెళ్ళైన కొత్తలో బావ లిఫ్టులో ఎక్కించుకుని తిప్పాడుగా!"

"అక్కడ నేను కనిపించానా?"

"మీరెలా కనిపిస్తారండీ? మీరు చెక్క వెనకాలేగా," అంది ఆవిడ, ఏ పాపమూ ఎరగనట్టు.

దొంగకి తేలు కుట్టినట్టయింది ఆయన పని. కక్కలేడు, మింగలేడు. అయినా లోపల ఒక లెక్క వేసుకున్నాడు. పోతే పోయింది ఒక మాట. గొంతు వాడిదే అయినా, బల్ల నాదే. తెరిచేనాటికి బల్ల వేయక తప్పుతుందా? సరుకన్నాక పొట్లం కట్టాలి కదా.

సమావేశం ముగిశాక మనవరాలి దగ్గరికి వెళ్ళాడు. అడగడం కాదు, ఊరికే పలకరింపుగా. "మూడో అంతస్తు పనులు ఎంతవరకు వచ్చాయమ్మా?"

"చాలా కష్టపడ్డానంకుల్!" అంది ఆ అమ్మాయి. కళ్ళు మెరిసిపోతున్నాయి. "పాత కాగితాలు ఒక్కటీ మిగల్లేదు. ఎక్కడ ఏముండేదో పూర్తిగా చెప్పేవాళ్ళు లేరు. లిఫ్ట్ అంకుల్ మాటలే మాకు ప్లాను. ఆయన ఏ అంతస్తులో ఏం చెప్తే అక్కడ అదే పెట్టాం. పియానోలకే ఊళ్ళన్నీ తిరగాల్సొచ్చింది. ఆ చెక్క అడ్డం ఎందుకో అర్థం కాక తీయించేశాను, పియానోలకి చోటు కావాలిగా. పైన ఒక ఇనుప గిలక కూడా దొరికింది. దీపాలు వేలాడదీసేదేమో!"

"బల్ల..." అన్నాడు పొట్లాలాయన.

"ఏ బల్లంకుల్?"

పొడుగాటి బల్లమ్మా, అని చెప్పొచ్చు. గిలక దీపాలది కాదు, బుట్టది అని చెప్పొచ్చు. చెప్తే ఆ అమ్మాయి ఒక్కటే అడుగుతుంది: మరి పొట్లాలని లిఫ్టంకుల్ ఎందుకు చెప్పలేదు? ఆ ప్రశ్నకి జవాబు తన నోట్లోనే ఉంది, తన నోటితోనే చెప్పాలి, తోడల్లుడి ముందు, పెళ్ళాం ముందు. తడబడి, "ఏం లేదులే. మరి కొన్న సామాను ఎలా ఇస్తారు?" అన్నాడు.

"కాగితం సంచీలు. కొట్టు బొమ్మ వేయించాం, చూడండి ఎంత బావున్నాయో!"

బావున్నాయి. తాను తవ్విన గొయ్యి అంత నున్నగా, అంత లోతుగా ఉంటుందని ఆయన అనుకోలేదు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సయించలేదు. ఇంటావిడ "ఏమైందండీ" అంటే కసిరాడు. ఆ రెండు రోజులూ లోపల తిట్టుకున్నది మాత్రం తనని కాదు, లిఫ్టాయన్నే. వాడు ఆ మాట మర్చిపోకపోతే ఇదంతా వచ్చేదా?

తెరిచే రోజు రానే వచ్చింది. రానని భీష్మించుకున్నాడు గానీ, ఇంటావిడ చొక్కా తీసి చేతికిచ్చింది. కొట్టు ముందు వీధి పట్టనంత జనం. ఇత్తడి అక్షరాలు తోమి తగిలించారు. గుమ్మటంలోంచి ఎండ దిగుతుంటే, లోపలికొచ్చిన ప్రతివాడూ తలెత్తి నోరు తెరుస్తున్నాడు. లిఫ్టుకి దానంతటదే నడిచే యంత్రం పెట్టారు గానీ, ఆ ఒక్కరోజుకి లిఫ్టాయన్ని పాత ఎర్ర కోటు తొడిగించి లోపల నిలబెట్టారు. పిల్లలు ఆయన చెయ్యి పట్టుకుని వదలడం లేదు. పొట్లాలాయన స్తంభం చాటున నిలబడి అదంతా చూశాడు. చూడకుండా ఉండలేకపోయాడు, చూస్తూ ఉండలేకపోయాడు.

మధ్యాహ్నం జనం కాస్త పలచబడ్డాక, లిఫ్టు ఖాళీగా కిందికొచ్చి ఆగింది. "రా, తమ్ముడూ," అన్నాడు లిఫ్టాయన. "నువ్వింకా ఎక్కలేదు."

ఎక్కాడు. తలుపు మూసుకుంది. లిఫ్టు మెల్లగా కదిలింది. ఇద్దరే ఉన్నారు.

"అక్కడ పియానోలెక్కడివిరా?" అన్నాడు లిఫ్టాయన, మొహం తలుపు వైపే ఉంచి.

పొట్లాలాయన తడుముకున్నాడు. "నువ్వే కదా మర్చిపోయానన్నావు..."

"పరుపులు, పరదాలు, పొట్లాలు. నేను మర్చిపోవడమేంట్రా? ఆ చివరి మాట పెట్టిందే నేను. పెద్ద యజమాని వద్దన్నాడు, పొట్లాల దగ్గర జనానికేం పని అన్నాడు. మా తమ్ముడున్నాడండీ అక్కడ, అన్నాను. రోజూ అరిచాను. ఒక్కరోజు కూడా నువ్వు అడ్డం పక్కనుంచి తల బయటపెట్టి చూడలేదు."

మొదటి అంతస్తు, అని గొంతు మోగింది. తలుపు తెరుచుకుని మూసుకుంది. ఎవరూ ఎక్కలేదు.

"మరెందుకడిగావు?"

"నీ నోట వినాలనిపించింది. 'నా పొట్లాలన్నయ్యా, మర్చిపోకు' అంటావేమోనని. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను ఏదీ అడగలేదురా, ఒక అగ్గిపుల్ల కూడా. నువ్వేమో పియానోలన్నావు. నాకూ పౌరుషం వచ్చింది. సరే, అలాగే కానీ అనుకుని అదే చెప్పాను. తప్పే. ఇంతదాకా వస్తుందనుకోలేదు."

రెండో అంతస్తు. జోకు మోగింది. ఇద్దరూ నవ్వలేదు.

లిఫ్టాయన ఇప్పుడు ఇటు తిరిగాడు. ఎర్ర కోటు భుజాల దగ్గర వదులైంది. దగ్గరగా చూస్తే మనిషి బాగా ముసలాడైపోయాడు. "ఇప్పుడడుగు. ఒక్క మాట చాలు. ఆ పిల్లతో నేనే చెప్తాను, మతిమరుపు నాదేనని, పొట్లాలనబోయి పియానోలన్నానని. నవ్వితే నన్నే నవ్వుతారు. నవ్వనీ. మళ్ళీ రికార్డు చేస్తాను. నీ బల్ల నీకు వేయిస్తుంది, మంచి పిల్ల. అడుగురా."

పొట్లాలాయన గొంతులో మాట కదిలింది. చిన్న మాట. అది అంటే బల్ల వస్తుంది, పురికొస వస్తుంది, నలుగురూ చూస్తుండగా ముడి వేయొచ్చు. జనం "అబ్బ ఎంత బాగా కట్టారు" అంటారు. ఆ తర్వాత? తర్వాత ఇంటావిడ అంటుంది, "మా బావ ఎంత మంచివాడో చూశారా, తప్పు తన మీద వేసుకుని మీకు పని ఇప్పించాడు." చచ్చేదాకా అంటుంది. ఆ బల్ల ముందు నిలబడ్డ ప్రతిరోజూ, అది లిఫ్టాయన ఇప్పించిన బల్ల.

"మూడో అంతస్తు!" అంది గొంతు. "పరుపులు, పరదాలు, పియానోలు!"

తలుపు తెరుచుకుంది. చెక్క అడ్డం ఉన్నచోట నల్లటి పియానో, దాని ముందు ఎవరో చిన్నపిల్ల రెండు చేతులతో బాదుతోంది. వాళ్ళమ్మ వద్దంటూ నవ్వుతోంది. లిఫ్టాయన తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డంపెట్టి, తోడల్లుడి మొహంలోకే చూస్తూ ఎదురుచూస్తున్నాడు.

"నీకు మతి పోతోందన్నయ్యా," అన్నాడు పొట్లాలాయన బయటికి అడుగేస్తూ. "ఇక్కడ పియానోలే ఉండేవి. నాకు బాగా గుర్తు."